తాళంచెవి

ముప్పై ఒక్కేళ్ళు నర్సుగా చేశాను. అందులో చివరి పధ్నాలుగేళ్ళు మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జిని. నేను సేవకురాలినని, సేవ చేస్తూనే పదిమందిని నడిపిస్తున్నానని గట్టిగా నమ్మిన మనిషిని. ఆ నమ్మకంలో ఎంత తెలివితక్కువతనం ఉందో నాకు తెలియడానికి ఒకాయన ప్రాణం మీదికి వచ్చింది. మా ఇంట్లోవాళ్ళకి కూడా ఈ సంగతి సగమే తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇన్‌ఛార్జి అంటే టేబుల్ దగ్గర కూర్చుని ఇండెంట్లు రాసుకోవాలి, డాక్టర్లతో రౌండ్స్‌కి తిరగాలి. నేను బెడ్‌పాన్ దాకా అన్నీ అందుకునేదాన్ని. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుంది. నా వార్డులో పుండు పడనిచ్చేదాన్ని కాదు. ఆయా రాకముందే వెళ్ళి నేనే తిప్పేదాన్ని. నరం దొరకని ముసలివాళ్ళకి కాన్యులా పెట్టడం నా చేతిలో పని. కొత్తగా వచ్చిన పిల్ల ఒకసారి గుచ్చి తడబడితే, "జరుగమ్మా" అని సూది అందుకుని ఒక్క పోటుకి పెట్టేసేదాన్ని. రోగి చేతులెత్తి దండం పెట్టేవాడు. ఆ పిల్ల పక్కన నిలబడి చూసేది. అలా నిలబడి చూసినవాళ్ళు ఎంతమందో ఇప్పుడు లెక్కపెట్టుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇంట్లోనూ అంతే. నైట్ డ్యూటీ చేసి వచ్చి కూడా వంట నేనే చేసేదాన్ని. మా అమ్మాయి గరిటె పట్టుకుంటే "నువ్వు చదువుకో తల్లీ" అని లాక్కునేదాన్ని. నా పాదాలు వాచిన రోజున అది కాళ్ళు పట్టబోతే ముడుచుకునేదాన్ని. ఒకసారి మా ఆయన, "ఎప్పటికీ మేమే నీకు బాకీ ఉండాలా?" అన్నారు. ఆ మాటలో బాధ ఉందని నాకు తట్టలేదు.

మాది పల్నాడులో లూథరన్ కుటుంబం. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి ఆడవాళ్ళకీ పిల్లలకీ వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి వింటూ పెరిగాను. నర్సు కావాలన్న కోరిక అక్కడే పుట్టింది. శుభ శుక్రవారానికి ముందు రాత్రి ఆరాధనలో యోహాను సువార్త 13వ అధ్యాయం చదువుతారు. ప్రభువు భోజనం దగ్గర నుంచి లేచి, నడుముకి తువాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడుగుతాడు. చిన్నప్పటి నుంచి విన్న ఆ అధ్యాయంలో నా చోటు ఎప్పుడూ ఒకటే. తువాలు కట్టుకున్నవాడి పక్కనే. నా కాళ్ళు కడగొద్దంటూ వెనక్కి లాక్కున్న పేతురు పక్కన నన్ను నేను ఒక్క ఏడాదైనా కూర్చోబెట్టుకోలేదు.

ఒకసారి ఆసుపత్రివాళ్ళు రెండు రోజుల శిక్షణ పెట్టారు. అందులో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ గురించి చెప్పారు. ఆయన ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీలో 1926 నుంచి 1964 దాకా పనిచేసి, 1970లో సేవక నాయకత్వం మీద ఒక వ్యాసం రాశాడట. నాయకుడు సేవకుడో కాదో తేల్చడానికి ఆయన పెట్టిన పరీక్ష నాకు బాగా నచ్చింది. నువ్వు సేవ చేసినవాళ్ళు ఎదిగారా? ఇంకా తెలివిగా, స్వేచ్ఛగా, తమ కాళ్ళమీద తాము నిలబడేవాళ్ళుగా తయారయ్యారా? వాళ్ళు కూడా సేవ చేసేవాళ్ళయ్యారా? డైరీలో రాసుకున్నాను. పేజీ మూసేసి వార్డుకి వెళ్ళి, మళ్ళీ సూది నేనే అందుకున్నాను.

ఇక తాళంచెవి సంగతి. మత్తు మందులు తాళంలో ఉండాలన్నది నియమం. అడ్రినలిన్ లాంటి ఎమర్జెన్సీ మందులు మాత్రం అందరి చేతికీ అందేలా, తాళం లేకుండా ట్రేలో ఉండాలి. ఒకసారి ట్రేలో రెండు ఆంప్యూల్స్ తక్కువొచ్చాయి. అప్పటి నుంచి రాత్రిళ్ళు ఆ ట్రేని కూడా మత్తు మందుల బీరువాలో పెట్టించడం మొదలుపెట్టాను. పిల్లలు జాగ్రత్త చెయ్యలేరు, నేను చేస్తాను అనుకున్నాను. రాత్రికి బీరువా తాళంచెవి షిఫ్టు సిస్టర్‌కి ఇచ్చి, మళ్ళీ పొద్దున్నే తీసుకునేదాన్ని.

ఒక మార్చి నెలలో మా అక్క కూతురి పెళ్ళికి మచిలీపట్నం వెళ్ళాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది.

ఆ రాత్రి న్యుమోనియాతో ఉన్న ఒక పెద్దాయనకి సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ పడింది. కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, బీపీ పడిపోవడం. డ్యూటీలో ఉన్న పిల్ల అది రియాక్షనని వెంటనే పసిగట్టింది. మందు ఆపింది, ఆక్సిజన్ పెట్టింది, కాళ్ళు ఎత్తింది, డాక్టర్‌ని పిలిచింది. ఇవ్వాల్సింది అర మిల్లీలీటరు అడ్రినలిన్, తొడ కండరంలోకి. అది పది అడుగుల దూరంలో, బీరువాలో ఉంది. వార్డు బాయ్ కింద క్యాజువాలిటీకి పరుగెత్తి తెచ్చేసరికి ఎనిమిది నిమిషాలు పట్టింది. పెద్దాయన బతికాడు. దేవుడి దయ. పెళ్ళి హడావిడిలో ఫోన్ చూసుకోలేదు. పొద్దున చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

ఇంతవరకు మా ఇంట్లో తెలుసు.

మేట్రన్ మేడమ్ గదిలో విచారణ జరిగింది. "నైట్‌లో ఎమర్జెన్సీ ట్రే బాధ్యత ఎవరిది?" అని అడిగారు. "డ్యూటీ సిస్టర్‌ది మేడమ్" అన్నాను. కాగితం మీద అది నిజమే. తాళంచెవి గురించి ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ పిల్ల చెప్పలేదు. ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. మెమో దానికి వచ్చింది.

అది ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. హాస్టల్ అడ్వాన్స్‌కి డబ్బు సర్దింది నేను. వాళ్ళ నాన్నకి బాగాలేనప్పుడు నా ఆఫ్ ఇచ్చింది నేను. ఎన్నిసార్లు దాని పని నా భుజాన వేసుకున్నానో. అన్నీ ప్రేమతోనే చేశాననుకున్నాను, కొంత ప్రేమ ఉంది కూడా. కానీ ఆ గదిలో అవన్నీ కలిసి ఒక పిల్ల నోరు నొక్కేశాయి. మా సంఘాల్లో పాదిరి అయ్యగారిని దైవసేవకులు అంటాం, ఆ మాటని శుభలేఖల్లో పేరు ముందు అచ్చు వేయిస్తాం. సేవకుడనే పేరే పెద్దరికం అవుతుందని నేను ఎప్పుడో గమనించాల్సింది. వార్డులో నన్ను అమ్మలాంటి సిస్టర్ అనేవారు. మేట్రన్‌కి ఎదురు చెప్పగలిగినవాళ్ళు కూడా నాకు చెప్పలేకపోయేవారు.

విచారణ తర్వాత నేను చేసిన పని అన్నిటికంటే సిగ్గుపడాల్సింది. ఆ పిల్లకి ఇంకా ఎక్కువ సేవ చేశాను. పొద్దున్నే ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఇడ్లీ తీసుకెళ్ళేదాన్ని. దాని రిపోర్టులు నేను రాసేదాన్ని. నిజం చెప్పడం తప్ప అన్నీ చేశాను. రెండు నెలలు అలాగే గడిచాయి.

మే 12 నర్సుల దినోత్సవం. ఫ్లోరెన్స్ నైటింగేల్ మీద నన్ను మాట్లాడమన్నారు. 1854లో ముప్పై ఎనిమిది మంది నర్సుల్ని వెంటబెట్టుకుని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళడం, చేతిలో దీపంతో రాత్రిళ్ళు వార్డులు తిరగడం నాకు తెలిసినవే. ఇంకేమైనా దొరుకుతుందేమోనని నర్సింగ్ స్కూల్ లైబ్రరీలో ఆమె 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' తీశాను. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. నువ్వు ఉన్నప్పుడు జరిగే పని నువ్వు లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చెయ్యడం తెలియకపోతే, నీ మంచి సేవంతా వృథా అయిపోతుందని అందులో సారాంశం. తాను లేకపోతే పని ఆగిపోతుందని గర్వపడేవాళ్ళ గురించి కూడా ఆమె రాసింది. నూట యాభై ఏళ్ళ కిందట, నన్ను చూడని మనిషి. బీరువాల మధ్య నిలబడి ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆ రాత్రి యోహాను 13 తీశాను. అంతకుముందు కళ్ళు దాటేసి వెళ్ళిపోయిన రెండు సంగతులు పట్టుకున్నాయి. కాళ్ళు కడిగిన తర్వాత ప్రభువు తువాలు తన దగ్గరే ఉంచుకోలేదు, మీరూ ఒకరి కాళ్ళు ఒకరు కడగాలని వాళ్ళ చేతికే అప్పగించాడు. ఇంకొకటి, ఆ బల్ల దగ్గర యూదా ఇస్కరియోతు కూడా ఉన్నాడు. కడిగించుకున్న కాళ్ళతోనే లేచి చీకట్లోకి వెళ్ళాడు.

మర్నాడు మేట్రన్ మేడమ్ దగ్గరికి వెళ్ళి తాళంచెవి టేబుల్ మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ పిల్ల మెమో ఫైల్లోంచి తీసేశారు, నాకు మెమో ఇచ్చారు. అది అందుకున్నప్పుడు రెండు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

తర్వాత ఆ పిల్లని స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి క్షమించమన్నాను. అలవాటుగా ఫ్లాస్కు మూత తీశాను.

"టీ వద్దక్కా" అంది. "నరం దొరకనివాళ్ళకి కాన్యులా ఎలా పెట్టాలో నేర్పండి. చూపించొద్దు. నన్ను పెట్టనివ్వండి."

ఎనభై దాటిన ముసలమ్మ, కాగితంలాంటి చర్మం. రెండుసార్లకి మించి ఒకరు గుచ్చకూడదన్నది మా లెక్క. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. మొదటిసారి పోయింది. ముసలమ్మ "అబ్బా" అంది. నా వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఆ పధ్నాలుగేళ్ళలో నేను చేసిన కష్టమైన పని అలా నిలబడటమే. రెండోసారి ఆ పిల్ల పట్టీ కాస్త వదులు చేసి, చేతిని మంచం అంచుకి వేలాడదీయించి, అర నిమిషం ఆగింది. ఆ ఆగడం నేను నేర్పలేదు. రక్తం గొట్టంలో కనపడింది.

ఆ నెలాఖరుకి ట్రే మళ్ళీ కౌంటర్ మీదికి వచ్చింది. షిఫ్టు మారినప్పుడల్లా ఇద్దరు లెక్కచూసి సంతకం పెట్టేలా ఆ పిల్లే ఒక పుస్తకం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ చూశాను. అడ్రినలిన్ ఎడమవైపు మొదటి గడిలో ఉండాలని ఎన్నేళ్ళుగానో నా పద్ధతి. ఇప్పుడది కుడివైపు ఉంది, పైన ఎర్ర అక్షరాలతో చీటీ అంటించి ఉంది. తీసి ఎడమవైపు పెట్టడానికి చెయ్యి వెళ్ళింది. కుడిచేతి వాటమున్నవాళ్ళకి అక్కడే దగ్గరని అప్పుడు గమనించాను. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగాను.