మూత లోపలి మూడు వరుసలు

నేను రేకుపెట్టెని. కొందరు ట్రంకుపెట్టె అంటారు. శ్రీకాకుళం బజార్లో రేకు వంచి, అంచులు మడిచి, గడియ బిగించి నన్ను చేశారు. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. 1916లో పాతికేళ్ళ మనిషొకడు నన్ను కొని, రంగులేసేవాడి దగ్గరికి మోసుకెళ్ళి, మూత లోపల తెల్లరంగుతో మూడు వరుసలు రాయించాడు. మొదట తన పేరు, దాని కింద ఊరి పేరు, ఆ కింద గంజాం జిల్లా. ఆయనకి చదువు రాదు. రంగు ఆరాక ఒక్కో అక్షరం మీదా చూపుడువేలు మెల్లగా నడిపించి చూసుకున్నాడు. ఆ వేలి గరుకు నాకింకా గుర్తే.

ఆమదాలవలస స్టేషన్ని అప్పట్లో చికాకోల్ రోడ్ అనేవారు. అక్కడ బెంగాల్ నాగపూర్ రైలెక్కాం. ఖరగ్‌పూర్‌లో బండి మారి కాలిమాటిలో దిగాం. అక్కణ్ణించి సాక్చి దాకా ఆయన నన్ను నెత్తిన పెట్టుకునే నడిచాడు.

సాక్చిలో 1908 ఫిబ్రవరిలో టాటావారి కార్ఖానా పని మొదలైంది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె వచ్చింది. మేం చేరేనాటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. మెసపొటేమియా లాంటి యుద్ధరంగాలకి 1,500 మైళ్ళ రైలు పట్టాలు ఇక్కణ్ణించే వెళ్ళాయి. ఖలాసీగా ఆ పట్టాల పనిలో ఆయన చెయ్యీ ఉంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, మసి చేతులు కడుక్కున్నాకే నన్ను ముట్టేవాడు. ఆ మర్యాద ఆ తర్వాత నాకెవరూ చెయ్యలేదు.

1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఇప్పుడు సాక్చి అంటే ఊళ్ళో ఒక పేట. కాలిమాటి అంటే ఆ పేటలో ఒక రోడ్డు.

1928 సమ్మె నెలల తరబడి సాగింది. ఆగస్టులో సుభాష్ చంద్రబోస్ వచ్చి కార్మికుల పక్షాన నిలబడ్డాడు. అప్పటికే నా అడుగున పంచెల మడతల్లో దాచిన నానుతాడు తాకట్టుకి వెళ్ళిపోయింది. అది మళ్ళీ నాలోకి రాలేదు.

ఆయన పోయాక నా బతుకు మారింది. ఇంటికి ఇనప బీరువా వచ్చింది. నన్ను మంచం కిందికి తోశారు. ఊరి నుంచి ఆయనకొచ్చిన కాలణా కార్డులు కొన్ని నాలో ఉండేవి. ఎవరో చదివి పెడితే వినేవాడు, విని జాగ్రత్తగా దాచుకునేవాడు. ఒక వానాకాలం బొగ్గు కుంపటి రాజుకోలేదని వాటిని ఒక్కొక్కటిగా వెలిగించారు. కార్డు వెనక ఊరి తపాలా ముద్ర ఉంటుందని ఒక్కరికీ తోచలేదు. తర్వాత నన్ను వసారాలో పెట్టి, నా మీద నీళ్ళబిందె పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ బిందె అడుగు తడి నా మూతలోకి దిగింది. పైన చిన్న మచ్చగా మొదలైన తుప్పు లోపలి అక్షరాల దాకా పాకింది. ఎవరూ బిందె జరపలేదు. ఆ తడి మాత్రం నేను మరిచిపోలేను.

కిందటేడు నన్ను కబాడీవాడి కాటాకి తగిలించారు. అప్పుడే ఆయన మునిమనవరాలు వచ్చి, ఆగమని చెప్పి మూత ఎత్తింది.

“మామ్మా, ఇక్కడ గంజాం జిల్లా అని ఉంది! మనది శ్రీకాకుళం కదా?”

“నాకేటి తెల్సమ్మా. మా మామగారు కాలిమాటిలో దిగేనని చెప్పీవోరు, అంతే.”

పిల్ల ముందు ఒడిశాలోని గంజాం గురించి వాకబు చేసింది. ఏమీ తేలలేదు. తర్వాత తెలిసింది: 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు శ్రీకాకుళం ప్రాంతం గంజాం నుంచి విడిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో సొంతంగా జిల్లా అయింది. ఇటు నేను కదలకుండా ఉన్నచోటే బీహార్-ఒరిస్సా పోయి బీహార్ వచ్చింది, 2000లో అదీ పోయి జార్ఖండ్ వచ్చింది. రెండు వైపులా పేర్లు మారాక ఆ మనిషి జాడ పట్టుకోవడం ఎంత కష్టమో ఆ పిల్ల మొహంలో చూశాను.

అదే మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా చిట్టాల్లోకి ఎక్కాయి. వాళ్ళ మునిమనవలు ఈనాటికీ ఆ చిట్టాలు వెతుక్కుంటారు. చికాకోల్ రోడ్‌లో టిక్కెట్టు కొని రైలెక్కినవాడి పేరు అలా రాసుకున్నవాళ్ళు లేరు. ఈ ఇంట్లో ఆయనకున్న చిట్టా నేనొక్కదాన్నే.

పిల్ల కొబ్బరినూనె గుడ్డతో తుప్పు తుడిచింది. పేరు బాగానే కనిపించింది. ఊరి పేరులో మొదటి అక్షరాలు ఊడిపోయి, చివర “వలస” అన్నంత వరకే మిగిలింది. శ్రీకాకుళం జిల్లాలో వలస అని ముగిసే ఊళ్ళు ఒకటా రెండా! ఆ పిల్ల వాటి జాబితా రాసుకుని ఒక్కో ఊరూ వాకబు చేస్తోంది. ఆ కార్డుల్లో ఒక్కటి మిగిలినా ఇంత తిరుగుడు ఉండేది కాదు.

మీ ఇంట్లో మంచం కిందో, అటక మీదో నాలాంటి పెట్టె ఉంటే, కాటా మీద పెట్టేముందు ఒక్కసారి మూత ఎత్తి లోపలివైపు చూడండి. దాని మీద బిందె ఉంటే ఇవాళే తీసెయ్యండి. మొదటి అక్షరాలు ఇంకా ఉండొచ్చు.