బసాల్ట్ గాజు, మన చేతివాటం

సముద్రం అడుగున లావా చన్నీళ్ళు తగిలి చటుక్కున గడ్డకట్టిన నల్లగాజు ముక్క మీ చేతికొచ్చిందా? అందులో ఇనుము ఎంత ఫెర్రస్, ఎంత ఫెర్రిక్ అన్నది తేలితే, కింద మాంటిల్ ఎంత ఆక్సీకరణ చెందిందో ఊహించొచ్చట. అంత పెద్ద సంగతి కాబట్టి తొందరగా తేల్చేయండి.

ముందు దంచండి. ఎసిటోన్‌లో తడిపి మెల్లగా నూరమంటారు చాదస్తులు. మీరు మాత్రం పొడిగానే మిల్లులో వేసి, వేడెక్కేదాకా తిప్పండి. ఫెర్రస్ గాలి తగిలి ఫెర్రిక్ అవుతుంది. ఎవరైనా అడిగితే మాంటిల్ మహిమ అనండి. ఆలివిన్ స్ఫటికాలు ఏరడం కూడా దండగే. వాటిలో ఇనుము దాదాపు అంతా ఫెర్రస్సే కదా, పైకెక్కిన లెక్కను కిందికి లాగుతాయి. తప్పుకు తప్పు చెల్లు.

టైట్రేషనా? హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో గాజు కరుగుతుండగానే, విడుదలైన ఫెర్రస్‌ను వెనేడియంతో అక్కడికక్కడే పట్టేసే పద్ధతిని విల్సన్ 1960లో చెప్పాడు. మీరు ముందు కరగనిచ్చి, టీ తాగొచ్చి, అప్పుడు వెనేడియం కలపండి. (చేతికి తొడుగులు వేసుకోమనడం మాత్రం వేళాకోళం కాదు. ఆ ఆమ్లం ఎముకదాకా పోతుంది.)

సింక్రోట్రాన్ దొరికితే ఇంకేం! 7112 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఇనుము ఎక్స్‌రేలను గట్టిగా మింగబోయే ముందు, గ్రాఫులో చిన్న బొడిపె కనిపిస్తుంది. ఫెర్రిక్ పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుంది. మొత్తం జరుగుడు సుమారు ఒకటిన్నర ఎలక్ట్రాన్ వోల్టు, అంతే. కిరణాన్ని సూదిమొనంత చేసి ఒకేచోట గంటసేపు నిలపండి. నీరున్న గాజైతే మరీ మంచిది, మీరు కొలుస్తుండగానే ఆక్సీకరణ చెందుతుంది. కాట్రెల్ బృందం 2018లో దీన్ని లోపమని చూపింది. మొదట్లో తీసిన స్పెక్ట్రమ్‌ను చివరిదానితో పోల్చమంటారు కూడా. మొదటిది చెరిపేస్తే సరి.

ఇక ఆ బొడిపె చోటును, ఫెర్రిక్ ఎంతో ముందే తెలిసిన ఏ ప్రమాణ గాజులతో సరిచూడాలి? మధ్యసముద్ర బసాల్టుల ఇనుములో ఫెర్రిక్ వాటా 1986లో క్రిస్టీ బృందానికి 7 శాతం, 2011లో కాట్రెల్, కెల్లీలకు 16, 2018లో బెర్రీ బృందానికి 10. చివరి రెండింటి మధ్య తగవు రాళ్ళది కాదు, మోస్‌బౌయర్ పద్ధతిలో కొలిచిన ప్రమాణ గాజులది. మీ సిద్ధాంతానికి ఏది సరిపోతే అది తీసుకుని, దశాంశం తర్వాత మూడంకెలు వేయండి. ఏ ప్రమాణం వాడారో మాత్రం రాయకండి. రాస్తే ఎవరో ఒకరు మీ అంకెను సరిదిద్ది వాడేసుకుంటారు.