చిత్తుప్రతి ఆత్మకథ

నేనొక పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో మూడో అధ్యాయాన్ని. బైండు చేయించి యూనివర్సిటీకి ఇచ్చిన ప్రతిని కాదు, దానికి ముందరి చిత్తుప్రతిని. నరసరావుపేటలో ఒక అద్దె గదిలో పుట్టాను. నన్ను రాసిన అమ్మాయిది గురజాల దగ్గర పల్లెటూరు. మిరప కల్లాల్లో కాయలు ఏరుతూ చదువుకుంది. పరిశోధనాంశం పల్నాటి వీరగాథ.

మొదట్లో నా ఒంటి మీద ఆమె సొంత మాట ఒక్కటీ లేదు. ‘ప్రముఖ పరిశోధకులు అభిప్రాయపడ్డారు’, ‘ఇది సర్వజనవిదితం’ వంటి వాక్యాలే పేజీల నిండా. కథ తెలియక కాదు. కారెంపూడి వీరుల తిరునాళ్లు చూస్తూ పెరిగిన పిల్ల. తనకు తెలిసింది థీసిస్‌కు పనికిరాదని జంకింది, అంతే. ఆ జంకును చేతకానితనం అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధ.

గైడు మేడం నన్ను ఊరికే తిప్పేసి వదల్లేదు. పక్కన పెన్సిల్‌తో రాశారు: ‘ఎవరా ప్రముఖులు? ఏ పుస్తకం, ఏ పేజీ?’ కులభేదం లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు గురించిన పేరా పక్కన మాత్రం, ‘ఇది నువ్వు చూశావా? చూసిందే రాయమ్మా’ అని.

కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఆ తిరునాళ్లకు ఆమె ఈసారి నోటుపుస్తకంతో వెళ్లింది. తిరునాళ్లలో మందపోరు అనే రోజున జరిగే చాపకూడులో ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ రాసుకుంది. ఈ కథ పాడే వీరవిద్యావంతుల గానం రికార్డు చేసింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేసిన పల్నాటి వీరచరిత్రను, ఆలిశెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘేర్ ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించిన పుస్తకాన్ని ముందు పెట్టుకుని, విన్నదానితో పోల్చింది. పదకొండో పేజీ అడుగున, ‘నేను విన్న గానంలో ఈ ఘట్టం వేరుగా ఉంది’ అని రాసింది. మేడం ఆ వాక్యం కింద గీత గీసి, ‘నీ అధ్యాయం ఇక్కడుంది. దీన్ని మొదటి పేజీకి తీసుకురా’ అన్నారు. ఆ రాత్రే నన్ను కొట్టేసి మళ్లీ రాసింది. అంత హాయి నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

ఆదివారాలు తోటి స్కాలర్లు ఒకరి పేజీలు ఒకరు పైకి చదివేవాళ్లు. వాళ్లలో ఇంజినీరింగ్ కుర్రాడికి అర్థం కాని చోట ఆమె ఆగి, నోటితో చెప్పి, చెప్పినట్టే రాసేది.

థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకూడదని యూజీసీ 2018లో నిబంధన పెట్టింది. కాపీ ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ పట్టిస్తుంది గానీ, రాయడం నేర్పదు. స్కాలర్లకు తమ సబ్జెక్టులో బోధన, రచనల్లో శిక్షణ ఉండాలని 2022 నిబంధనల్లో ఉంది. ఆ శిక్షణ ఇచ్చేది చివరికి చదివే మనిషే.

అందుకే గైడ్లకు నా మనవి. థీసిస్ అంతా పూర్తయ్యాక సంతకం కోసం చూడకండి. మొదటి పది పేజీలప్పుడే అడిగి తెప్పించుకుని, పెన్సిల్ పట్టుకుని చదవండి.