డాబా మీద గిన్నెల సెట్టు

జంషెడ్‌పూర్‌లో సూర్యుడు డ్యూటీకి తొందరగా ఎక్కుతాడు. దేశం గడియారమంతా 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. మేమున్నది 86.2 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు పావుగంట ముందే మాకు పొద్దు నడినెత్తికొస్తుంది. జూన్‌లో ఐదింటికల్లా టెల్కో కాలనీలో పాలవాడి హారను, పక్కింటి కుక్కరు, కోయిల ఒకేసారి అందుకుంటాయి. కంపెనీ 1945లో రైలింజన్ల కోసం పుట్టి, 1954 నుంచి లారీలు చేసి, 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకుంది. కాలనీకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. శ్రీకాకుళం వైపు మా చుట్టాలకైతే జంషెడ్‌పూర్ అన్నా తెలీదు, టెల్కో అన్నా తెలీదు. "టాటాలో ఉంటాడు" అంటారు, అంతే.

మా వంటింటి తలుపు వెనక వేలాడే పంచాంగం మాత్రం విజయవాడ సూర్యోదయానికి వేసింది. విజయవాడకీ మాకూ మధ్య ఐదున్నర డిగ్రీలు, అంటే ఇరవై రెండు నిమిషాలు. ఈ ఇరవై రెండు నిమిషాలను మా అత్తగారు ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. రాహుకాలం వెళ్లిపోయిందని ఆవిడ ధీమాగా గుమ్మం దాటిన రోజులు, వెళ్లలేదని చెప్పులు విప్పి మళ్లీ కూర్చున్న రోజులు అన్నీ ఆ లెక్కలోవే. అదే ఇంట్లో, అదే డాబా కింద, నేను మాత్రం పది నానోసెకన్లు అటూ ఇటూ అయితే అన్నం సయించని మనిషిని. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లవ వంతు. అంత సరైన టైము నీకెందుకయ్యా అని అడగనివాళ్లు కాలనీలో లేరు. చేపలు పట్టేవాణ్ని ఎవరూ ఇలా అడగరు. కనీసం వాడు చేపలు తెస్తాడు కదా అంటుంది మా ఆవిడ.

జీపీఎస్ అంటే దారి చూపించేదని లోకం అనుకుంటుంది. అసలు అది ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే గడియారాల గుంపు. ఒక్కో ఉపగ్రహంలో అణు గడియారాలు పెట్టి పంపారు. "ఇప్పుడు టైమింత, నేనున్నది ఇక్కడ" అని ఎడతెగకుండా చెబుతూ పోవడమే వాటి పని. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఆ ఎత్తున, ఆ వేగాన గడియారం రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడుతుంది. అందుకని కింద ఉన్నప్పుడే దాన్ని కాస్త మందంగా నడిచేలా చేసి పైకి పంపుతారు. 2000 మే దాకా అమెరికా వాళ్లు మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని కావాలనే కొంచెం చెడగొట్టి వదిలేవారు. అది మానేశాక నాలాంటి వాళ్ల సంసారాలు చెడటం మొదలైంది.

ఉపగ్రహాల నుంచి టైము తీసుకునే ఈ పిచ్చి కొత్తగా పట్టినవాడు ముందుగా మంచి రిసీవరు కొంటాడు, కొని బల్ల మీద పెట్టుకుని మురిసిపోతాడు. యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి కారు మీద అంటించే అయస్కాంతపు బిళ్లతో సరిపెట్టి దాన్ని కిటికీలో పెడతాడు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల బేరం. రిసీవరు ఏదైనా ఫరవాలేదు, సెకనుకో పల్సు ఇచ్చే టైమింగు రకమైతే చాలు. డబ్బు పెట్టాల్సింది యాంటెన్నా మీద, బుద్ధి పెట్టాల్సింది దాన్ని పెట్టే చోటు మీద. ఆకాశం నుంచి దిగే ఆ సిగ్నల్ ఎంత నీరసంగా ఉంటుందంటే, రిసీవరు సొంత రొదలోనే మునిగిపోయి ఉంటుంది. లెక్కలు కట్టి దాన్ని పైకి లాగాలి. అలాంటిదానికి కిటికీ గ్రిల్లు, మామిడి చెట్టు, పైన ఆరేసిన తడి బొంత అడ్డం పెట్టి నానోసెకన్లు రావాలంటే ఎక్కణ్నించి వస్తాయి?

సెకండ్ హ్యాండులో దొరికేవాటిలో నాకు నచ్చినది సెల్ టవర్ల మీంచి దిగిన కోను ఆకారపు యాంటెన్నా. సీడీఎంఏ టవర్లకి జీపీఎస్ టైము లేనిదే పని నడిచేది కాదు, అందుకని ప్రతి టవరు మీదా ఇలాంటిది ఒకటి ఉండేది. పైన కూచిగా చేసింది మంచు నిలవకుండా, పిట్టలు వాలకుండా. జంషెడ్‌పూర్‌లో మంచు పడదు. పావురాలకేమో ఆ డిజైను సంగతి తెలియదు, కాళ్లు జారుతున్నా మళ్లీ మళ్లీ వచ్చి వాలతాయి. దాన్నుంచి కిందికి డిష్ టీవీ కేబులే లాగాను. అసలు యాభై ఓముల కేబులు వాడాలి, ఇది డెబ్బై ఐదు. శాస్త్రం చదివినవాళ్లు మూతి విరుస్తారు గానీ ఆ తేడాకి పోయే సిగ్నల్ బహు స్వల్పం. యాంటెన్నాతో పాటు వచ్చే సన్న తీగనే పొడుగ్గా లాగితే మీటరుకో డెసిబెల్ చొప్పున తినేస్తుంది, అసలు నష్టం అక్కడ. ఇంకోటి, తీగలో సిగ్నల్ మీటరు ప్రయాణానికి నాలుగు నానోసెకన్లు తీసుకుంటుంది. డాబా మీంచి నా బల్ల దాకా పదిహేను మీటర్లు. అంటే రావలసిన టైము అరవై నానోసెకన్లు ఆలస్యంగా వస్తోందన్నమాట. ఆ అరవై రిసీవరుకి చెప్పి కొట్టేయాలి. ఇది నేను భోజనాల దగ్గర వివరిస్తుంటే అత్తగారు మజ్జిగ పోస్తూ శ్రద్ధగా విన్నారు. ఆ శ్రద్ధ ఎటు దారి తీస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

కొన్న యాంటెన్నాతో తృప్తి పడితే అది పిచ్చి ఎందుకవుతుంది? సొంతంగా ఒకటి కట్టాలి. జీపీఎస్ సిగ్నల్ కుడివాటంగా మెలికలు తిరుగుతూ దిగుతుంది. గోడకో రేకుకో తగిలి వెనక్కి వచ్చిందంటే ఎక్కువ భాగం ఎడమవాటం అయిపోతుంది. మంచి యాంటెన్నా కుడిదాన్ని తీసుకుని ఎడమదాన్ని తోసెయ్యాలి. "ప్రసాదం కుడిచేత్తోనే కదా పుచ్చుకుంటాం" అని అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత పొట్టిగా లేదు. అయినా కింద నుంచి, పక్క నుంచి తగిలి వచ్చేవి కొన్ని చొరబడుతూనే ఉంటాయి. వాటిని ఆపడానికి అమెరికాలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ వాళ్లు చోక్ రింగ్ అనేది కనిపెట్టారు. ఒకదాని లోపల ఒకటి గుండ్రటి లోహపు గోడలు, నడుమ యాంటెన్నా. గోడల లోతు తరంగ దైర్ఘ్యంలో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ ఉండాలి. ఎల్5 అనే పౌనఃపున్యం దాకా పనికి రావాలంటే ఆరున్నర సెంటీమీటర్లు. కొత్తది కొనాలంటే ధర వింటేనే గుండె గుభేలుమంటుంది.

ఒకదాని లోపల ఒకటి ఇమిడే గుండ్రటి లోహపు గోడలు తెలుగువాళ్ల ఇంట్లో లేకుండా ఉంటాయా? మా పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెల సెట్టు అటక మీద అట్టపెట్టెలో పడి ఉంది, ఏనాడూ పొయ్యెక్కలేదు. దించి, అన్నింటినీ ఒకే ఎత్తుకి కోయించడానికి మా వీధి చివర బాబాయి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన రిటైరైన టర్నరు, పుట్టింది పలాస వైపు, పనంతా ఇక్కడే. ఆదిత్యపూర్‌లో ఎవరిదో చిన్న వర్క్‌షాపులో ఆయనకి ఇప్పటికీ ఒక లేతు దగ్గర చనువుంది.

"ఏటి బావూ, అడుగులు కోసెయ్యాలా? మరి కూరెలా వొండుతారు?"

"కూరకి కాదు బాబాయ్, ఉపగ్రహానికి."

"సర్లే. టాలరెన్సు సెప్పు."

"అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా చాలు."

ఆయన మొహం మాడిపోయింది. "అర మిల్లీకి లేతెందుకు? పళ్లతో కొరికేస్తాను. మైక్రాన్ల లెక్కన పన్సేసినోణ్ణి బావూ, నాను!" అని విసుక్కుని, చివరికి నేనడిగినదానికి పది రెట్లు సరిగ్గా కోసి తెచ్చిచ్చాడు. అల్యూమినియం రేకు మీద వరసగా బిగించాం. చూడ్డానికి నాసా వాళ్లదానికి ఏమాత్రం తీసిపోదు. ఒక్కటే తేడా. అన్నింటికన్నా బయటి వలయం మీద, ఉత్తరం వైపు, "చి.ల.సౌ." అని మొదలై పెళ్లి తారీఖుతో ముగిసే చుక్కల అక్షరాలు ఎండకి తళతళమంటుంటాయి. పైకొచ్చి చూసిన మా ఆవిడ ఆ అక్షరాల్లో తన మేనమామ పేరు గుర్తుపట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన మనింటికి వస్తే దీన్ని ఎక్కడ దాస్తారండీ?" అంది.

ఆ ఎల్5 యావ ఎందుకో చెప్పాలి. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఎండకి పైకి లేచిన ఎలక్ట్రాన్లు రెండు పక్కలకీ జారి కుప్పపడతాయి. ఉత్తరం వైపు కుప్ప పడేది భోపాల్, కోల్‌కతాల అక్షాంశంలో, అంటే సరిగ్గా మా నెత్తిన. మధ్యాహ్నం అన్నం తిని టెల్కో అంతా కునుకు తీసే వేళకి పైన అయనోమండలం బాగా చిక్కబడి ఉపగ్రహం మాట కూడా ఆలస్యంగా దిగుతుంది. సూర్యుడు ఉద్రేకంగా ఉన్న ఏళ్లలో ఈ ఆలస్యం యాభై నానోసెకన్లు కూడా దాటుతుంది. రెండు పౌనఃపున్యాలు వింటే, రెండింటి ఆలస్యాల తేడా చూసి అసలు ఆలస్యమెంతో పట్టుకోవచ్చు. జీపీఎస్ లాంటి మన నావిక్ ఉపగ్రహాలు మొదటినుంచీ ఎల్5లో పలుకుతున్నాయి. 2013 జులైలో పైకెళ్లిన మొదటిదానిలో మూడు రుబీడియం గడియారాలూ తర్వాత చెడిపోయాయి. అవి విదేశాల నుంచి తెచ్చినవి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు సొంతంగా చేసిన గడియారం పెట్టారు. ఈ వార్త చదివి వినిపిస్తే అత్తగారు, "పైకెళ్లి కీ ఇచ్చే మనిషి లేకపోతే గడియారం ఆగదూ మరి" అన్నారు.

కథ మలుపు తిరిగింది ఇక్కడ కాదు, సర్వే దగ్గర. టైమింగు రిసీవరు ముందు ఒక రోజంతా కదలకుండా కూర్చుని తనెక్కడుందో మీటరు దాకా తేల్చుకుంటుంది. ఆ తర్వాత ఒక్క ఉపగ్రహం కనబడినా టైము చెబుతుంది. ఆ రేఖాంశం చూపించి, మన సూర్యోదయం ఇదీ, పంచాంగంలోది విజయవాడ వాళ్లదీ అని అత్తగారికి ఓ కాగితం మీద లెక్క కట్టిచ్చాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"డాబా మీది రేఖాంశం కదా ఇది. నా పూజగది ఇంకా తూర్పుకి కదండీ?"

"ఓ నాలుగు మీటర్లు ఉంటుందేమో."

"అయితే నాకు ఇంకా ముందే తెల్లారుతుందన్నమాట."

తెల్లారుతుంది. ఈ అక్షాంశంలో మీటరుకి సెకనులో సుమారు నాలుగు వందలవ వంతు చొప్పున ముందే తెల్లారుతుంది. ఆ మాట నా నోటినుంచి వచ్చిన మర్నాటికల్లా ఖడంగాఝార్ భువనేశ్వరి గుడి దగ్గర తెలుగువాళ్లందరికీ పాకిపోయింది. ఇప్పుడు అక్షరాభ్యాసం, బోరు వేయించడం, కొత్త స్కూటర్‌కి నిమ్మకాయ తొక్కించడం దేనికైనా మా గుమ్మంలోకే వస్తున్నారు. ఎవరి గది ఎటువైపుందో కనుక్కోవడం, వరస నంబర్లు ఇవ్వడం అత్తగారి పని. నాలుగో బ్లాకు వాళ్ల గృహప్రవేశానికి నేను లెక్క రాసి ఇవ్వబోతుంటే, ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని, వచ్చినవాళ్లకి వినబడేలా అడిగారు:

"తీగలో అరవై ఉంది కదా, అది కొట్టేశారా అల్లుడుగారూ?"