మా ఇంటి దుంప తెగిన వైనం

భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా రంగు మారతాడు. ఆకారం మాత్రం మార్చడు. ఆయనకి రెండు వీధుల అవతల మా ఇంట్లో బంగాళాదుంపకి ఆ మాత్రం మర్యాద కూడా దక్కడం లేదని నా ఫిర్యాదు. కూరలో దుంప ఏదే అని అడిగితే, "కూరంతా అదేనండి" అంటుంది మా ఆవిడ.

కొన్న దుంపయితే నోరు మూసుకుని తినేవాణ్ణి. ఇవి మేడమీద నేను పండించినవి. ఊరి చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మిగిలిన చోట వరి. ఇక్కడ బంగాళాదుంప వెయ్యడమంటే లంబసింగిలో రొయ్యలు పెంచడమేనని మా బావమరిది తేల్చేశాడు. కొంత నిజమే. రాత్రిళ్ళు 20 డిగ్రీల లోపు చల్లబడితేగానీ ఈ దుంప సరిగ్గా ఊరదు. మాకు ఆ చలి సంక్రాంతికి అటూ ఇటూ నాలుగు వారాలుంటే గొప్ప. బోరు నీళ్ళు ఉప్పన. అందుకని కుళాయి నీళ్ళు బిందెలతో మేడమీదికి మోశాను. కార్తీకంలో కొబ్బరిపొట్టూ పశువుల ఎరువూ నింపిన ఆరు సంచుల్లో కళ్ళున్న ముక్కలు పాతాను. ఎండ తగిలితే దుంప పచ్చబడి చేదెక్కుతుందని మొక్క పెరిగినకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోశాను. మాఘంలో సంచులు బోర్లిస్తే పద్నాలుగు దుంపలు. కాటా వేస్తే 700 గ్రాములు, అంటే కిలోకి ఇరవై, మా ఊరి రొయ్యల లెక్కలో 20 కౌంటు. రొయ్యలయితే ఆ కౌంటుకి కొనేవాడు గుమ్మంలోకే వచ్చి డబ్బు లెక్కపెట్టేవాడు.

అందులో నాలుగింటిని మా ఆవిడ కుక్కర్లో పడేసి, నాలుగు విజిల్స్ రానిచ్చి, పచ్చిమిర్చీ అల్లంతో ముద్దకూర చేసేసింది. కూర బాగుందని ఒప్పుకుంటే నా ఫిర్యాదు వీగిపోతుంది కనక ఒప్పుకోను.

అసలు తప్పంతా పేరు లేకపోవడంలో ఉంది. మార్టేరులో పుట్టిన స్వర్ణ వడ్లకి 7029 అని నంబరుతో సహా చెప్పే జిల్లా మాది. దుంప దగ్గరికొచ్చేసరికి ఏ రకమని అడిగితే బజార్లో "ఆగ్రాదండి" అంటారు. సిమ్లాలో దుంపల కోసమే ఒక కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ పుఖ్‌రాజ్ అంటూ పక్కనున్న కొండ ఊరిని ఇంటిపేరుగా పెట్టి మరీ రకాలు విడుదల చేస్తుంది. ఏం లాభం, గోదావరి దాటేసరికి అన్నీ అనామకాలే. పిండి ఎక్కువున్న దుంప ఉడికితే లోపలి కణాలు ఉబ్బి, ఒకదాన్నొకటి వదిలేసి పొడిపొడిగా రాలిపోతుంది. పిండి తక్కువున్నది జిగటగా ఒళ్ళు దగ్గరపెట్టుకుని ఉంటుంది. లేత దుంపలు చాలావరకు ఈ రెండో బాపతే.

ఏది ఏదో తేల్చడానికి, పదకొండు గ్లాసుల నీళ్ళలో గ్లాసు ఉప్పు కలిపి దుంపని వదలాలి. పిండిది మునుగుతుంది, రెండోది తేలుతుంది. విత్తనపు వడ్లలో తాలు తీసే పద్ధతే. కాకపోతే రైతు తేలినదాన్ని పారేస్తాడు, నేను నెత్తిన పెట్టుకున్నాను. మిగిలిన పదింటిలో ఏడు తేలాయి. నేను బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే వదులుతుంటే పనమ్మాయి చూసి, "దుంపలకి ఈత నేర్పుతున్నారా బాబుగారూ?" అంది. సాయంత్రానికి వీధంతా తెలిసింది.

ఇక మా అమ్మ శాసనం ఒకటుంది: పులుసులో దుంప ముందు ఉడకాలి, ఆ తరవాతే చింతపండు రసం పొయ్యాలి, ముందే పోస్తే జన్మలో ఉడకదు. వంటింటికిది హెచ్చరిక, నాకు వరం. పులుపు తగిలితే కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ ఓ పట్టాన కరగదు. ఇంకో ఉపాయం, ముక్కల్ని 60, 65 డిగ్రీల వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, చల్లార్చి, అప్పుడు ఉడికించడం. అలా చేస్తే ముక్క బిగుసుకుంటుంది.

ఆదివారం వంటిల్లు స్వాధీనం చేసుకున్నాను. ఒక్కటి చాలదేమోనని రెండు ఉపాయాలూ కలిపేశాను. మనవడికి జ్వరం చూసే థర్మామీటరు 42 దాటి చూపించనని మొరాయించింది. వేలే పెట్టి అంచనా వేశాను, ఇప్పటికీ మండుతోంది. తరవాత చింతపండు చిక్కగా పిసికి పోసి, బెల్లం వేసి, ఇంగువ పోపు పెట్టి, సన్నసెగ మీద మరిగించాను. "గ్యాసు బండ అయిపోయేలోపు భోజనాలవుతాయాండీ?" అని మా ఆవిడ రెండుసార్లు తొంగిచూసింది. మునిగిన మూడు దుంపల్నీ చడీచప్పుడు లేకుండా పూరీల కోసం దాచేసింది.

గంటన్నర తరవాత గరిటెతో ఒక ముక్క పైకి తీశాను. కత్తి పెట్టిన గీత ఇంకా అలాగే ఉంది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను.

మా అమ్మకి పైన నాలుగు పళ్ళు, కింద రెండు. ముక్క నోట్లో పెట్టుకుని, ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చి, పల్లెత్తు మాట అనకుండా తీసి కంచం అంచున పెట్టింది. మరొకటి నోట్లో వేసుకుంది, అదీ అంతే. పులుసు కలుపుకుని అన్నం కానిచ్చి, చెయ్యి కడుక్కుని లేచింది. కంచం అంచున ఆరు ముక్కలు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ మూల చెదరలేదు.