చీపురుండగా చింతేల?

మన కాలేజీ ల్యాబులో సీసా పగిలిందంటే మొదట కదిలేది హెచ్‌ఓడీ గారి కనుబొమ్మ. ఆ తర్వాత అటెండర్ చేతిలో చీపురు. ఒలికింది బ్రోమినా, బెంజీనా అని అడిగి పరువు తీసేవాళ్లు మనలో లేరు. చీపురుకు సమదృష్టి ఎక్కువ.

థర్మామీటరు పగిలి పాదరసం జారిందా? ఊడ్చేయండి. ఒక్క పూస నూరు పూసలై బల్లల కిందకు చేరుతుంది. ఆ ఆవిరి పీల్చే భాగ్యం రాబోయే బ్యాచ్‌లకూ దక్కుతుంది.

సోడియం అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక వేయాలి. ఎర్ర బకెట్లో ఇసుక ఉంది. కాకపోతే ఏళ్ల తరబడి ఖైనీ ఉమ్ములతో తడిసి ఉంది. కంట్లో ఆమ్లం పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా కడగాలి. అందుకోసం పెట్టిన కుళాయి న్యాక్ బృందంతో ఫొటో కూడా దిగింది. నీటి పైపు మాత్రం ఇంకా టెండర్లోనే ఉంది. ఏ రసాయనానికి ఏం చేయాలో చెప్పే కాగితాలు బీరువాలో భద్రం. తాళంచెవి హెచ్‌ఓడీ గారితోపాటు సెలవులో ఉంది.

చిన్న కాలేజీలే ఇలా అనుకుంటే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం 1985 నుంచి వాడకుండా వదిలేసిన గామా యంత్రాన్ని 2010లో పాత సామాన్ల వేలంలో అమ్మేసింది. లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉంది. మాయాపురి తుక్కు దుకాణాల్లో దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, మరో ఏడుగురు ఆస్పత్రి పాలయ్యారు. తుక్కుకు వచ్చిన ధర విశ్వవిద్యాలయం లెక్కల్లో చేరింది. లోపలున్న సరుకు లెక్క తుక్కు కార్మికుల ఒంట్లో తేలింది.

చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. గది ఖాళీ చేయించాలి. ఒలికిందేమిటో తెలుసుకోవాలి. మండే ద్రవమైతే స్విచ్చుల జోలికి పోకూడదు. శిక్షణ ఉన్నవాళ్లే తగిన చేతొడుగులు, కళ్లజోడు వేసుకుని దగ్గరికెళ్లాలి. కొద్దిపాటి ఆమ్లమైతే సోడా పొడి చల్లి విరిచేయాలి. చేతిలో పని కాదనిపిస్తే ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయాలి, పరువు సంగతి తర్వాత చూసుకోవాలి.

ఇదంతా జరగాలంటే చేతొడుగులు కొనాలి, అటెండర్‌కు శిక్షణ ఇప్పించాలి, అతడికీ మనలాగే రెండు ఊపిరితిత్తులున్నాయని ఒప్పుకోవాలి. మొదటి రెండింటికి బడ్జెట్ లేదు. మూడోదానికి జీవో రావాలి.