మూడో వరస తీర్పు

పెద్ద బండి కొన్నవాడికి వీధిలో గౌరవం పెరుగుతుంది, బండిలో తరుగుతుంది. ఈ సంగతి షోరూములో ఎవరూ చెప్పరు. మూడో వరస సీట్లో కూర్చున్నవాళ్ళు చెబుతారు.

మాది లారీలకు మల్లే ఛాసిస్ ఫ్రేము మీద బాడీ బిగించిన రకం. ఏడుగురు పడతారు. బరువు రెండు టన్నులు దాటుతుంది. ఆ ఏడుగురినీ, వాళ్ళ పెట్టేబేడానూ, ఆవకాయ జాడీలనూ మోయాలి గనక వెనక స్ప్రింగులు గట్టిగా పెడతారు. ఇద్దరో ముగ్గురో ఎక్కితే వాటికి పని చాలదు. పనిలేని స్ప్రింగు ఊరికే కూర్చోదు, ఎక్కినవాళ్ళని ఎగరేస్తుంది. దానికి తోడు షాకబ్జర్లు కూడా పోయాయంటే, బండి గుంతలో పడేది ఒక్కసారే, మనం మాత్రం ఫర్లాంగు దాకా పడుతూ లేస్తూనే ఉంటాం.

మా మావగారికి ఏసీ గాలి మొహాన కొడితే పడదు. అందుకని ఏరికోరి మూడో వరసలో కూర్చుంటారు. బెజవాడ నుంచి బందరు పెళ్ళికి వెళ్తుండగా అత్తగారు "ఎందాకా వచ్చాం బాబూ?" అంటే, ఉయ్యూరు వచ్చేశామన్నాను. "మీరొచ్చేశారేమో అల్లుడుగారూ, నేనింకా కంకిపాడు గుంత దగ్గరే ఎగురుతున్నాను" అని వెనకనుంచి వినపడింది.

పెళ్ళి అవగానే ఆటోనగర్ వెళ్ళాను. మేస్త్రీ వెనక బంపరు మీద తన బరువంతా వేసి నొక్కి వదిలేశాడు. ఆరోగ్యంగా ఉన్న బండి ఒక్కసారి లేచి కుదురుకోవాలి. మాది లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఆగాక చెబుతానుండండి" అని మేస్త్రీ బీడీ ముట్టించుకున్నాడు. ఆనక కింద దూరి సెల్‌ఫోన్ లైటు కొట్టి చూపించాడు. షాకబ్జరు ఒంటి నిండా నూనె కారి, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది.

బండి బరువు మోసేది స్ప్రింగు. గుంత తగిలితే ఊగేదీ అదే. ఆ ఊపుని అణచడం షాకబ్జరు పని. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకి సన్నటి కంతలు. బండి ఊగినప్పుడల్లా నూనె ఆ కంతల్లోంచి ఇరుక్కుంటూ దూరాలి. ఆ అవస్థలో ఊపంతా వేడిగా మారుతుంది. మా ఇంట్లో మావగారి కోపానికి అత్తగారు చేసే సేవ కూడా ఇదే. ఆయన చల్లబడతారు, ఆవిడ వేడెక్కుతుంది.

పాతరకం మళ్ళీ వేయనా, గ్యాసు మోనోట్యూబులు వేయనా అన్నాడు మేస్త్రీ. ఈ రెండోరకంలో నూనెకి వెనక నైట్రోజన్‌ని ఒత్తిడితో నింపుతారు. మధ్యలో తేలుతూ ఉండే ఓ పిస్టను రెంటినీ కలవనివ్వదు. ఎంత కుదిపినా నూనె నురగెత్తదు. ఫ్రాన్సు ఇంజినీరు ద కార్బాన్ 1950లలో వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయన మా కంకిపాడు చూడకుండానే ఇంత ఆలోచించాడంటే మెచ్చుకోవలసిందే.

ధర మా ఆవిడ అడిగితే ఒక్కదానిది చెప్పాను. ఆవిడ లెక్కల టీచరు. "బండికి చక్రాలెన్నండీ?" అంది. ఆ తర్వాత జరిగిన సంభాషణ ఈ వ్యాసానికి అనవసరం.

కొత్తవాటి కడ్డీని లోపలికి నొక్కి పట్టీతో కట్టి పంపుతారు. మేస్త్రీ పట్టీ కోయగానే ఆ కడ్డీ ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా, హుందాగా పైకి లేచింది. పాతదాన్ని నొక్కితే నొక్కినచోటే పడుంది. ముందు చక్రాల దగ్గర స్ప్రింగు షాకబ్జరు చుట్టూనే ఉంటుంది. కంప్రెసరుతో స్ప్రింగుని అదిమిపట్టాకే పై నట్టు విప్పాలి. అది జారితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే ఆ పని జరిగినంతసేపూ నన్ను టీకి పంపించాడు. వెనక కింది బోల్టుని మాత్రం జాకీ దించి, బండి తన చక్రాల మీద నిలబడ్డాక చివరి బిగింపు బిగించాడు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు మెలిపడి తొందరగా పాడవుతుందట.

ఫలితం దగ్గరికొద్దాం. మలుపుల్లో ఒరగడం తగ్గింది. బ్రేకు కొడితే ముక్కు నేలకి వంచడం తగ్గింది. ఎగరడం పోయింది. "బావుంది అల్లుడుగారూ" అన్నారు మావగారు. నేను పొంగిపోయేలోపు, "ఇదివరకు గుంతలొక్కటే తెలిసేవి. ఇప్పుడు రోడ్డు మీద ప్రతి కంకరరాయీ విడివిడిగా పలకరిస్తోంది" అన్నారు. నిజమే. బిగువుగా ఉండే షాకబ్జర్లకి నెమ్మది మీద చిన్న చిన్న కుదుపులు కాస్త ఎక్కువే తెలుస్తాయి.

మా వీధి స్పీడ్‌బ్రేకరుకి మాత్రం ఏ దేశపు గ్యాసూ చాలలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 25 కిలోమీటర్ల వేగంలో దాటిపోవచ్చు. మా వాళ్ళు ఎత్తు దగ్గర ఉదారంగానూ, వెడల్పు దగ్గర పొదుపుగానూ పోశారు.

షాకబ్జర్లు మార్పించే ఉద్దేశం ఉన్నవారికి ఒక్కమాట. ముందువి రెండూ, వెనకవి రెండూ జతలుగానే మార్పించండి. అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చూపించండి. డబ్బు కట్టేముందు టెస్ట్ డ్రైవు మాత్రం మీరు చేయకండి, స్టీరింగు మేస్త్రీకిచ్చి మీరు మూడో వరసలో కూర్చోండి.